నేలచెవి

ఆ పెట్టె వకుళ చేతికి వచ్చేసరికి దాని మీద అప్పటికే నాలుగు సంతకాలున్నాయి. టెలిఫోన్ కంపెనీ గోదాము అధికారిది ఒకటి, ఇన్‌స్పెక్టర్ గొర్లె దాలినాయుడిది ఒకటి, పంచనామాకి నిలబడిన ఇద్దరు పెద్దమనుషులవి రెండు. లక్క ముద్ర చెక్కు చెదరలేదని రిజిస్టర్లో రాసి, తేదీ వేసి, ఐదో సంతకం తను పెట్టి అప్పుడు తెరిచింది. లోపల నాలుగు హార్డ్ డిస్కులున్నాయి. చినగెడ్డపేట అనే ఊరి రోడ్డు మీద మూడేళ్ళపాటు పడ్డ ప్రతి అడుగూ వాటిలో ఉంది. ఆ సంగతి ఊరివాళ్ళకి తెలియదు. డిస్కుల్ని అన్నేళ్ళు దాచిన కంపెనీకీ తెలియదు.

వకుళకి నలభై ఏడేళ్ళు. విశాఖలో ఒక నేర పరిశోధనశాలలో సైబర్ విభాగం చూస్తుంది. భర్తతో విడిపోయి పన్నెండేళ్ళయింది. ఆయనతో పెద్ద గొడవలేమీ లేవు. ఒక ఇంట్లో ఉంటూ మాట్లాడుకోవడానికి ఏమీ మిగలక విడిపోయారు. ఇప్పుడు రెండు గదుల క్వార్టర్స్‌లో ఒక్కతే ఉంటుంది. పొద్దున వండిందే సాయంత్రమూ తింటుంది. ఇంట్లో మనిషి గొంతు వినపడాలని టీవీ పెట్టి ఉంచుతుంది గాని దాని వంక చూడదు.

దాలినాయుడు తెచ్చిన కేసు ఏడాదిగా నానుతోంది. చినగెడ్డపేట పక్కనుంచి ఉప్పుగెడ్డ అనే వాగు పారుతుంది. దానికి ఎగువన, నాలుగు కిలోమీటర్ల దూరంలో, మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. మూడేళ్ళ కిందట గెడ్డ నీళ్ళు తేనె రంగుకి తిరిగాయి. చేపలు వెల్లకిలా తేలాయి. చూడి గేదెలు నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. మంగ అనే తొమ్మిదేళ్ళ పిల్ల మూత్రపిండాలు పాడై చనిపోయింది. ఆ తర్వాత పైడినాయుడు అనే రైతు కలెక్టరుకి, కోర్టుకి, పేపర్లకి అర్జీల మీద అర్జీలు పెట్టాడు. ఆయన ఒకప్పుడు ఆ గెడ్డ మీద మదుము గేటు ఎత్తి దించి నీళ్ళు వదిలే లస్కరు, మదుముకి వెళ్ళే దారి తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. చివరికి మంగకి వచ్చిన జబ్బే ఆయనకీ వచ్చి కిందటి ఆషాఢంలో పోయాడు. ఊరి మొగదల ఆయన బొమ్మ పెట్టుకున్నారు. కేసు ఇప్పుడు ఆయన భార్య సన్నెమ్మ పేరు మీద నడుస్తోంది.

ఫ్యాక్టరీ మీటరు పావుగంటకోసారి నీటి లెక్కల్ని కాలుష్య నియంత్రణ అధికారుల కంప్యూటరుకి పంపుతుంది. ఆ లెక్కలన్నీ శుభ్రంగా ఉన్నాయి. వకుళ ఆ కంప్యూటరుకి నకలు తీసి చూస్తే, ఒక మాఘమాసపు వారం అంకెలే చివరి దశాంశాలు మార్చుకుని మూడేళ్ళు తిరుగుతున్నాయని తేలింది. అది బయటివాళ్ళు రాసిచ్చిన ప్రోగ్రాంలో తప్పు అన్నారు ఫ్యాక్టరీవాళ్ళు. తమ గోడ దాటి చుక్క నీరు పోదని, వ్యర్థాలన్నీ కాంట్రాక్టరు ట్యాంకర్లలో శుద్ధి కేంద్రానికి వెళ్తాయని, ఆ కాంట్రాక్టరు దారిలో ఎక్కడైనా పారబోస్తే తమకేం తెలుస్తుందని వాదించారు. ఆ కాంట్రాక్టరు దుకాణం కట్టేసి ఎటో పోయాడు. దారిలో కెమెరాలు ఎప్పుడో మాయమయ్యాయి.

అప్పుడు వకుళ తన నేలచెవి సంగతి దాలినాయుడికి చెప్పింది. అతను నమ్మలేదు. లాబ్ వెనక పెరట్లో ఒకసారి అటూ ఇటూ నడిచి రమ్మంది. అతను నవ్వుకుంటూ వెళ్ళి నడిచి వచ్చాడు.

"మీ ఎడమ మోకాలు నొప్పా?" అని అడిగింది వకుళ. "కుడి జేబులో బరువేదో ఉంది. వేపచెట్టు దగ్గర గోడవార నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడారు."

దాలినాయుడు జేబులోంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. రెండేళ్ళ కిందట స్కూటరు మీంచి పడ్డప్పటి దెబ్బ మోకాలిదని ఒప్పుకున్నాడు.

పెరట్లో మట్టి కింద ఉన్నది మామూలు టెలిఫోన్ గాజు తీగే. అలాంటి తీగ ప్రతి రోడ్డు పక్కనా పాతి ఉంటుంది. అది ఎక్కడైనా తెగిందేమో చూసుకోవడానికి కంపెనీ క్షణానికి కొన్ని వేలసార్లు దానిలోకి వెలుగు పంపుతుంది. ఆ వెలుగులో పిసరంత వెనక్కి వస్తుంది. పైన లారీ పోయినా మనిషి నడిచినా తీగ వణుకుతుంది, తిరిగొచ్చే వెలుగూ వణుకుతుంది. కంపెనీ దృష్టిలో ఆ వణుకు పనికిరాని చెత్త. మరమ్మతుల నియమం ప్రకారం మూడేళ్ళు ఉంచి పారేస్తుంది. ఆ చెత్తలోంచి బరువునీ నడకనీ, తీగ గోడకో గచ్చుకో ఆనుకుని ఉన్నచోట మాటనీ విడదీసే ప్రోగ్రాం రాయడానికి వకుళకి ఆరేళ్ళు పట్టింది.

కోర్టు అనుమతితో డిస్కులు వచ్చాయి. ఆమె మొదట వాటి హ్యాష్ తీసింది. డిస్కులో ఉన్నదంతా కలిపి లెక్కగడితే అరవై నాలుగు అక్షరాల సంఖ్య ఒకటి వస్తుంది. లోపల ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మొత్తం మారిపోతుంది. దాన్ని కాగితం మీద రాసి, దాలినాయుడి చేత సంతకం పెట్టించి, అసలు డిస్కుల్ని ఇనప బీరువాలో పెట్టి సీలు వేసింది. నకలు మీద పని మొదలుపెట్టింది.

ట్యాంకర్లు పది రోజుల్లోనే దొరికాయి. గట్టిగా వాన పడ్డ రోజుల్లో, పట్టపగలే, నలభై మూడు సార్లు వచ్చాయి. ప్రతిసారీ బరువుగా వచ్చి, మదుము దారిలోకి తిరిగి, ఇరవై నిమిషాలు ఆగి, తేలికై వెనక్కి వెళ్ళాయి. దాలినాయుడు లాబ్‌కి మిఠాయి పట్టుకొచ్చాడు. కాని ట్యాంకర్ల వెనక ఫ్యాక్టరీ ఉందని ఇవి చెప్పవని వకుళ గుర్తుచేసింది. ఇంకా వెతకాలంది.

అలా వెతుకుతూ ఆమె ఊళ్ళోకి వెళ్ళింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇళ్ళ ముందు భాగాలు పోయాయి. తీగని కదిలించకుండా దాని మీదే ఎవరికివారు కొత్తగా సిమెంటు అరుగులు పోసుకున్నారు. అందువల్ల అరుగు మీద మాట్లాడుకునే మాటలన్నీ తీగలోకి దిగాయి. ఎవరింట్లో రోలు ఎప్పుడు కదులుతుందో, ఏ ముసలాయన ఎన్నిసార్లు దగ్గుతాడో, ఎవరి సైకిలు గొలుసు ఎక్కడ జారుతుందో ఆమెకి తెలిసిపోయింది. అందరిలోకీ ఆమెకి దగ్గరైన అడుగులు ఒక జత ఉన్నాయి. ఒకటి పొడవు, ఒకటి పొట్టి. ఆవిడే సన్నెమ్మ. చిన్నప్పుడు కాలు విరిగి సరిగ్గా అతకలేదు. రోజూ నాలుగింటికి ఎదురింటి నుంచి తేలికపాటి అడుగులు రోడ్డు దాటి ఆవిడ అరుగు మీదికి వస్తాయి. అవి ఎల్లారమ్మవి, చనిపోయిన మంగ తల్లివి. ఇద్దరూ చింతపండు పిక్కలు తీస్తూనో, వలకి ముడులు వేస్తూనో గంటసేపు కూర్చుంటారు. మంగ పోయాక నాలుగు నెలలు ఆ గంటలో మాటలే లేవు. తర్వాత ఒకరోజు సన్నెమ్మ ఏదో అంటే ఎల్లారమ్మ నవ్వింది. ఆ నవ్వు విన్నరోజు వకుళ దాన్ని వెనక్కి తిప్పి మూడుసార్లు వింది.

ఆమె కూడా నాలుగింటికే టీ పెట్టుకోవడం మొదలుపెట్టింది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వాళ్ళతో కూర్చున్నట్టు తాగేది. ఇంటికి వెళ్ళాక టీవీ పెట్టడం మానేసింది. ఆదివారాలు కూడా లాబ్‌కి వచ్చేది. ఇది పనా, ఇంకోటా అని తనని తాను అడగలేదు.

నాలుగో నెలలో అసలు సాక్ష్యం దొరికింది. మొట్టమొదటి ట్యాంకరు రావడానికి ఆరు రోజుల ముందు, మధ్యాహ్నం, బూట్ల అడుగులు సన్నెమ్మ అరుగు ఎక్కాయి. గొంతు స్పష్టంగా ఉంది. విచారణలో తీసుకున్న గొంతులతో పోల్చి చూస్తే అది ఫ్యాక్టరీ మేనేజరు ముకుందరావుది. వాన పడే రోజే బళ్ళు వస్తాయని, మదుము దారికి అడ్డంగా ఉన్న గొలుసు తాళం తీసిపెడితే చాలునని, నీళ్ళు నీళ్ళలో కలిసిపోతాయని చెప్పాడు. అక్కడ పిల్లలు స్నానాలు చేస్తారని పైడినాయుడు నసిగాడు. వానలో ఎవరు చేస్తారన్నాడు ముకుందరావు. ఫ్యాక్టరీలో మీ అల్లుడి ఉద్యోగం ఈ నెలే పర్మినెంటు చేయిస్తానన్నాడు. ఉత్త పాదాలు గచ్చు మీద అటూ ఇటూ కదిలాయి. తర్వాత పైడినాయుడు అలాగేనన్నాడు.

ఆ మాటలు నడుస్తుండగా లోపలినుంచి ఒక పొడవు అడుగు, ఒక పొట్టి అడుగు గుమ్మం దాకా వచ్చాయి. అక్కడ ఆగాయి. అల్లుడి ఉద్యోగం మాట అయ్యాక వెనక్కి వెళ్ళిపోయాయి.

వకుళ మిగతాది వెతికి చూసింది. మొదటి ఇరవై ఎనిమిది సార్లూ ట్యాంకరు కంటే ముందు పైడినాయుడి అడుగులే మదుము దారికి వెళ్ళాయి. మంగ చనిపోయాక ఆ అడుగులు మళ్ళీ అటు వెళ్ళలేదు. తర్వాతి పదిహేను సార్లూ గొలుసు తాళం ఎవరో వేరేవాళ్ళు తీశారు. అర్జీలు మంగ పోయిన పది రోజుల్లోపే మొదలయ్యాయి.

దాలినాయుడు ఇదంతా విని లాబ్ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ ఊరికి దేవుడంటే పైడినాయుడేనని, ఈ మాట బయటపడితే ఆ ముసలావిడ ఆ ఊళ్ళో బతకలేదని అన్నాడు. ట్యాంకర్ల భాగం వరకే కోర్టుకి ఇద్దామన్నాడు. వకుళ ఆ కాగితం తీసి అరవై నాలుగు అక్షరాల సంఖ్యని చూపించింది. రికార్డు మొత్తం ఉంటేనే సంఖ్య కలుస్తుంది. ఒక్క నిమిషం కోసినా ఇది సాక్ష్యం కాదు, కోసిన చెయ్యి తనదవుతుంది. పైగా ముకుందరావు నేరుగా మాట్లాడింది ఆ ఒక్క మధ్యాహ్నమే. అది తీసేస్తే ఫ్యాక్టరీ తప్పించుకుపోతుంది.

"అంకెలు మార్చారనే కదండీ మనం వాళ్ళని పట్టుకున్నది" అంది.

"మరయితే ఆవిడకి ఎవరు సెప్తారు?" అన్నాడు దాలినాయుడు. వెంటనే తనే జవాబిచ్చాడు. ఎవరూ చెప్పకూడదు. దాఖలు చేయకముందు నిపుణులు సాక్షిని కలవడం తప్పు. కేసూ పోతుంది, మీ ఉద్యోగమూ పోతుంది అని హెచ్చరించాడు.

వకుళ ఒక రాత్రీ ఒక పగలూ ఆలోచించింది. మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కింది.

చినగెడ్డపేటలో దిగాక దారి ఎవరినీ అడగలేదు. మూడో ఇల్లు దాటాక రోడ్డు కొంచెం పల్లమవుతుందని, కిళ్ళీ కొట్టు ముందు రాయి కదులుతుందని ఆమెకి తెలుసు. నిజంగానే కదిలింది. ఎదురింటివైపు వెళ్తున్న సన్నటి మనిషి వీపు చూసి, అడుగులు విని, ఎల్లారమ్మ అనుకుంది. అరుగు మీద నులకమంచంలో సన్నెమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ముఖం తను ఊహించుకున్నదానికంటే చిన్నది. చేతివేళ్ళ నిండా చింతపండు జిగురు.

వకుళ తనెవరో చెప్పింది. ఎందుకొచ్చిందో, భూమిలో ఏముందో, అది ఏం విందో, ఎల్లుండి కోర్టుకి ఏం వెళ్ళబోతోందో అన్నీ చెప్పింది. సన్నెమ్మ చింతపండు పిక్కలు తీస్తూనే వింది. అంతా అయ్యాక అరుగు గచ్చు వంక చూసింది. కిందికి వేలాడుతున్న కాళ్ళని తీసి నులకమంచం మీద పెట్టుకుంది.

"ఎన్నాల్లు మా ఇంట్లో కూకున్నారమ్మా?"

"నాలుగు నెలలండీ. విన్నది మూడేళ్ళది."

"మా ఆయన పోయిన రోజు కూడా ఇన్నారా?"

"విన్నాను."

"నాను ఏడిసింది ఇన్నారా?"

వకుళకి అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. "ఆ రోజు మీరు ఏడవలేదు. పదమూడో రోజు ఏడ్చారు, అందరూ వెళ్ళిపోయాక."

సన్నెమ్మ తల పక్కకి తిప్పుకుంది. ఎదురింటి పెంకుల మీద కాకి వాలి ఎగిరిపోయింది.

"మనిసి కంటికి కనబడితే తలుపేసుకుందుం కదమ్మా" అంది మెల్లగా. "నేలకి తలుపెక్కడుంటాది?"

చింతపండు చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. వకుళ అరుగు మీద కాసేపు కూర్చుంది. ఈ మూడేళ్ళ శబ్దంలో తన అడుగు ఒక్కటీ లేదని, ఈ ఇంటితో తనకి చుట్టరికం లేదని ఆ గడియ చప్పుడుతో మొదటిసారి తెలిసింది. మూడింటి బస్సుకి వెనక్కి వచ్చేసింది.

రికార్డు మొత్తం కోర్టుకి వెళ్ళింది. సీళ్ళు చూశారు, సంతకాలు చూశారు, సంఖ్య కలిసింది. ఫ్యాక్టరీ తరఫు లాయరు మెతకగా మాట్లాడే మనిషి. ఈ గొంతు ముకుందరావుదని యంత్రం అంటోంది, ఆ యంత్రాన్ని చేసినావిడ అంటోంది, ఇంకెవరైనా అంటున్నారా అని అడిగాడు. దాఖలు చేయడానికి రెండు రోజుల ముందు మీరు చినగెడ్డపేట వెళ్ళారా అని వకుళని అడిగాడు. వెళ్ళానంది. సాక్షిని కలిశారా అన్నాడు. కలిశానంది. జడ్జి కళ్ళద్దాలు తీసి ఆమె వైపు చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ క్షణంలో కేసు పోయిందని దాలినాయుడు అనుకున్నాడట. తర్వాత చెప్పాడు.

మర్నాడు సన్నెమ్మని బోనెక్కించారు. ఊళ్ళోంచి రెండు ఆటోల నిండా జనం వచ్చారు. ఎల్లారమ్మ ముందు వరసలో కూర్చుంది. ఆ మధ్యాహ్నపు శబ్దాన్ని వినిపించారు. బూట్ల చప్పుడు, మాటలు, పాదాల కదలిక, "అలాగేనండి" అన్న మాట. జనంలో ఎవరో అది పైడినాయుడి గొంతులా ఉందని చిన్నగా అరిచారు. సన్నెమ్మ కళ్ళు మూసుకుని వింది. ఈ గొంతు ఎవరిదో, ఈ అడుగులెవరివో చెప్పలేనంటే తప్పులేదని, ఆవిడ వయసుకి అది సహజమని లాయరు మెల్లగా దారి చూపించాడు. చెప్పలేనంటే చాలు. పైడినాయుడు దేవుడుగానే ఉండిపోయేవాడు.

"మా ఆయనే బాబూ" అంది సన్నెమ్మ. "ముప్పై ఎనిమిదేల్లు నాతో నడిసినాడు. నానెరగనా?"

తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పింది. "ఆ బూట్లాయన ముకుందరావు గోరు. గుమ్మంకాడ ఆగిపోనది నాను. అంతా ఇన్నాను. పిల్లలు తానాలు సేత్తారని ఆయనన్నాడు, నా మొగుడు. ఆ మాట నాను అన్నేదు. అల్లుడికి పని కావాల నాకు. ఇనీసి లోపలికెల్లిపోయి అన్నం దించుకున్నాను." ముందు వరస వైపు తిరిగి, "మంగ నా సేతుల్లో పెరిగింది" అంది.

ఎల్లారమ్మ లేచింది. కొంగు భుజం మీదికి లాక్కుని, ఎవరివైపూ చూడకుండా, నెమ్మదిగా హాలు దాటి బయటికి వెళ్ళింది. వకుళ కిందికి చూసింది. ఆ అడుగుల్ని గచ్చు మీద ఆమె చివరిదాకా వింది.

శ్రావణంలో తీర్పు వచ్చింది. ముకుందరావుకీ ఇద్దరు యజమానులకీ జైలు పడింది. గెడ్డని అడుగు మట్టి దాకా శుభ్రం చేయించే భారం ఫ్యాక్టరీ మీదే వేశారు. సాక్షిని ముందుగా కలిసిన నిపుణురాలి ప్రవర్తన తప్పేనని, అయినా సాక్షి తనకి నష్టమైన నిజం చెప్పింది కాబట్టి ఆ కలయిక సాక్ష్యాన్ని చెడగొట్టలేదని జడ్జి రాశాడు. శాఖ వకుళకి మెమో ఇచ్చింది. విచారణ జరిపి ఆమెని పాత ఫైళ్ళ విభాగానికి పంపింది. నేలచెవి మాత్రం లాబ్‌లోనే ఉండిపోయింది. దాని కోసం మిగతా జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. రెండు నెలల తర్వాత పేపర్లో ఒక వార్త చూసింది. ఇంట్లోంచి వెళ్ళిపోయి ఇష్టమైనవాణ్ణి పెళ్ళి చేసుకున్న పిల్లని నడకనిబట్టి మూడు ఊళ్ళ అవతల పట్టుకుని తండ్రికి అప్పగించారట. వకుళ పేపరు మడిచింది. ఈ యంత్రాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు వాడవచ్చో చట్టం చేసేదాకా ఆపమని పై అధికారులకి ఆరు పేజీల ఉత్తరం రాసింది. అందినట్టు రసీదు వచ్చింది. అంతకుమించి ఏమీ రాలేదు.

అప్పీలు గడువు దాటాక అసలు డిస్కుల్నీ నకల్నీ చెరిపేయమని ఉత్తర్వు వచ్చింది. చెరిపేది వాడినవాళ్ళే కావాలని నియమం. ఇద్దరు సాక్షుల ఎదుట ఆమె మీట నొక్కింది. మూడేళ్ళ ఊరు చెరిగిపోవడానికి ఏడు గంటలు పట్టింది. సాక్షులు వంతులవారీగా భోజనానికి వెళ్ళొచ్చారు. ఆమె కదల్లేదు. చివర్లో తెర మీద సున్నాలు తప్ప ఏమీ లేవని ముగ్గురూ సంతకం చేశారు.

మర్నాడు ఫైళ్ళ గదిలో నాలుగయింది. వకుళ టీ పెట్టుకుంది, రెండు గుక్కలు తాగి వదిలేసింది.

కార్తీకంలో ఒక శనివారం ఆమె మళ్ళీ చినగెడ్డపేట వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో బస్సు దిగేదాకా తేల్చుకోలేదు. గెడ్డ దగ్గర యంత్రాలు నల్లటి మట్టి తోడుతున్నాయి. ఊళ్ళో జనం రోడ్డు నడుమగా నడుస్తున్నారు. అరుగులు ఖాళీగా ఉన్నాయి. కిళ్ళీ కొట్టు బల్లని రోడ్డుకి అవతలి పక్కకి మార్చారు. ఆమె వస్తుంటే కొట్టు దగ్గరి ఇద్దరూ మాట ఆపేశారు. ఊరి మొగదల పైడినాయుడి బొమ్మ ఉండే దిమ్మ మీద బొమ్మ లేదు.

సన్నెమ్మ అరుగు మీదే ఉంది. ఊరంతా అరుగులు వదిలేసినా ఆవిడ వదల్లేదు. వకుళని గుర్తుపట్టి కూర్చోమని మంచం చూపించింది. కూతురూ అల్లుడూ రావడం మానేశారని, ఎల్లారమ్మ కోర్టు నుంచి వచ్చినప్పట్నించీ ఈ గడప తొక్కలేదని చెప్పింది. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు, వాన పడలేదన్నట్టు చెప్పింది.

"ఇప్పుడు కూడా ఇంటన్నారా?"

"లేదండీ. అంతా చెరిపేశాను. నా చేత్తోనే."

"ఆయన నడక కూడానా?"

"అది కూడా."

సన్నెమ్మ తలూపింది. మంచం పట్టె మీద వేలితో గీతలు గీసింది. తర్వాత ఆవిడే అడిగింది. మంగ పోయాక ఆయన తనతో నెల్లాళ్ళు సరిగ్గా మాట్లాడలేదని, ఆ రోజుల్లో ఏమనుకున్నాడో ఇప్పటికీ తెలియదని అంది. "మీరు ఇన్నారు కదా. నాను ఇనందేటన్నా ఉన్నాదా?"

వకుళకి ఒకటి గుర్తుంది. కోర్టు కాగితాల్లో ఎవరికీ పనికిరాదని దాన్ని ఎక్కడా రాయలేదు. ఇప్పుడు అది ఆమె బుర్రలో తప్ప లోకంలో ఎక్కడా లేదు.

"మంగ పోయిన తొమ్మిదో రోజు, తెల్లారుతుండగా ఆయన లేచి బయటికి వెళ్ళారండీ. మీరు నిద్రలో ఉన్నారు. రోడ్డు దాటి ఎల్లారమ్మ గారి గుమ్మం ముందు నిలబడ్డారు. పదకొండు నిమిషాలు. కదల్లేదు. తలుపు కొట్టలేదు. లోపల ఆవిడ లేచి తిరుగుతున్నారు, తలుపు దగ్గరికి కూడా వచ్చారు. ఆయన తిరిగి వచ్చేశారు. మొదటి అర్జీ ఆ పొద్దున్నే రాయించుకున్నారు."

సన్నెమ్మ ఎదురింటి తలుపు వంక చూసింది. చేతులు మంచం పట్టె మీద ఆనించి లేచింది. పైట సర్దుకుంది. అరుగు దిగింది. ఒక పొడవు అడుగు, ఒక పొట్టి అడుగు వేస్తూ రోడ్డు దాటింది. కొట్టు దగ్గరివాళ్ళు తలెత్తి చూశారు. ఆవిడ ఎల్లారమ్మ గుమ్మం ముందు ఆగింది. కాసేపు నిలబడింది. చెయ్యెత్తి తలుపు కొట్టింది.

లోపలినుంచి అలికిడి వినపడింది. వకుళ మంచం మీంచి లేచి సంచీ భుజాన వేసుకుంది. గబగబా అరుగు దిగి, వెనక్కి తిరగకుండా, చెవుల మీదికి కొంగు లాక్కుని బస్సు స్టాపు వైపు నడిచింది. ఆ తలుపు తెరుచుకుందో లేదో ఆమెకి ఈనాటికీ తెలియదు.